మనవాళ్లకి హోమ్ వెతుకుతున్నారా? గేటు దగ్గర్నుంచి మందుల రిజిస్టర్ దాకా ఏం చూడాలి

బుద్ధి ఎదగని పిల్లల తల్లులు చాలామంది ఒకటే మొక్కు మొక్కుకుంటారు: నాకంటే ఒక్కరోజు ముందు వీణ్ణి తీసుకుపో స్వామీ అని. మా అమ్మా అంతే. దేవుడు వినలేదు. అమ్మ పోయింది, తమ్ముడున్నాడు. వాడికిప్పుడు 37 ఏళ్లు. నాన్నకి మోకాళ్లు పనిచేయవు, నాకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. చుట్టాలందరూ సలహాలిచ్చి భోంచేసి వెళ్లిపోయాక, హోముల వేట నా మీద పడింది. ఎనిమిది తిరిగాను.

ఈ కాగితం ఆ తిరుగుడులోంచి వచ్చింది. పద్దెనిమిదేళ్లు దాటిన మనవాళ్ల కోసం ఆరుగురి నుంచి పదిహేను మంది దాకా ఉండే చిన్న హోములు చూసుకునే అన్నలకి, అక్కలకి, అమ్మానాన్నలకి ఇది. రెండొందల మంది ఉండే పెద్ద ఆశ్రమాల సంగతి వేరు. మొదటి మూడు హోముల్లో నేను బిల్డింగు చూశాను, టైల్స్ చూశాను, సోలార్ గీజర్ చూశాను. నాలుగోదాంట్లో గానీ అసలు అడగాల్సిందేమిటో తెలియలేదు: ఇక్కడుండే మనిషి ‘వద్దు’ అంటే ఏం జరుగుతుంది? కింద రాసిన ప్రతి అడుగూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ ఇంట్లోనే ఒక కాగితం రాయండి

హోముకి ఫోన్ చేసేముందు చేయాల్సిన పని ఇది. మీవాడి గురించి అమ్మకి మాత్రమే తెలిసిన విషయాలు కాగితం మీదకి రావాలి. అమ్మ ఉండగానే రాయించుకుంటే ఇంకా మంచిది. నేను ఆలస్యం చేశాను, సగం నాన్నని అడిగి, సగం ఊహించి రాశాను.

వైకల్య సర్టిఫికెట్‌లో ఉండే శాతం హోమువాళ్లకి పెద్దగా పనికిరాదు. ఏం తింటాడు, ఎలా తింటాడు, దేనికి భయపడతాడు, రాత్రి లైటు ఉండాలా, నొప్పి వస్తే ఏం చేస్తాడు, ఏ పని తనంతట తాను చేసుకుంటాడు, ఏ పనికి పక్కన నిలబడితే చాలు, ఏ పనికి చెయ్యి పట్టుకోవాలి. ఇవి కావాలి. మా తమ్ముడి కాగితంలో కొన్ని లైన్లు ఇవి:

‘నీళ్లు కావాలంటే గొంతు పట్టుకుంటాడు. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని బయటికి పోతాడు, పోనివ్వండి, తనే వస్తాడు. ఏది అడిగినా సరే అంటాడు. అది మనం కోప్పడతామేమోనని. నిజంగా ఇష్టం లేకపోతే చొక్కా కాలర్ కొరుకుతాడు.’

ఆ చివరి లైను అన్నిటికంటే ముఖ్యం. మాటలు రానివాళ్లకి కూడా వద్దు అని చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది. అది మీరు రాసివ్వకపోతే కొత్తవాళ్లకి అది ‘మొండితనం’ కింద కనిపిస్తుంది.

మీవాడి తెలివితేటలు, చేసుకోగల పనులు సరిగ్గా అంచనా వేయించి చాలాకాలమైతే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి తీసుకెళ్లండి. 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. పెద్దవాళ్లకి కూడా చూస్తారు.

కాగితాలు: త్వరగా ముగించండి, కానీ వదిలేయకండి

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు. సెక్షన్ 50. సర్టిఫికెట్ చూపించమని అడగండి, గడువు తేదీ చూడండి. ట్రస్టు రిజిస్ట్రేషనో, 80జీ కాగితమో చూపించి ‘అన్నీ ఉన్నాయమ్మా’ అంటారు. మొదటిది ట్రస్టు పెట్టినందుకు, రెండోది విరాళాల పన్ను మినహాయింపుకి. ఇది వేరే.

ఇంకో తేడా గమనించండి. మానసిక జబ్బులున్నవాళ్ల కోసం నడిచేవి వేరే చట్టం కిందకి వస్తాయి. మేధోవైకల్యం, అంటే బుద్ధి ఎదగకపోవడం, జబ్బు కాదు. రెండు రకాలవాళ్లనీ, తాగుడు మాన్పించడానికి తెచ్చినవాళ్లనీ ఒకే హాల్లో ఉంచిన చోటు ఒకటి చూశాను. పది నిమిషాల్లో బయటికొచ్చేశాను.

మేధోవైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం చట్టంతో పెట్టిన సంస్థ నేషనల్ ట్రస్ట్. దాని కింద ఘరౌందా (ఇప్పుడు ‘సమర్థ్-కమ్-ఘరౌందా’) అనే గ్రూప్ హోమ్ పథకం ఉంది. మీరు చూసే హోముకి అందులో నమోదు ఉందేమో అడగండి. ఉంటే ఒక స్థాయి తనిఖీ ఉన్నట్టు. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోకండి.

రెండుసార్లు వెళ్లండి, రెండోసారి సాయంత్రం ఆరింటికి

మొదటిసారి వాళ్లు రమ్మన్న టైముకి వెళ్తారు. కుర్చీలు వేస్తారు, టీ ఇస్తారు, ఒకబ్బాయి చేత పాట పాడిస్తారు. ఆ పాట వినండి, మెచ్చుకోండి, ఏమీ తేల్చుకోకండి.

రెండోసారి చెప్పకుండా వెళ్లండి. సాయంత్రం ఆరు, లేదా ఆదివారం మధ్యాహ్నం. పగలు స్పెషల్ టీచర్లుంటారు, కొవ్వొత్తులో పేపర్ ప్లేట్లో చేయిస్తుంటారు. వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు ఎలా ఉంటుందో అదే అసలు ఇల్లు. ‘విజిటింగ్ అవర్స్ అయిపోయాయి’ అని గేటు తీయకపోతే అదీ ఒక జవాబే. వేరేవాళ్ల ప్రైవసీ కోసం గదుల్లోకి రానివ్వమంటే న్యాయమే. హాల్లో కూడా కూర్చోనివ్వకపోతే అనుమానించాలి.

నేను అలా వెళ్లిన ఒకచోట, ఆరూ నలభైకి అందరూ అన్నాలు తినేసి పక్కల మీదున్నారు. ముప్ఫై, నలభై ఏళ్ల మగవాళ్లు. బయట ఇంకా వెలుతురుంది, పక్క వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఎందుకింత తొందరగా అంటే, ‘ఏడింటికి ఆయా డ్యూటీ దిగుతుందండీ’ అన్నారు. ఆయా బస్సు టైముకి పదకొండుమంది రోజు ముగుస్తోంది. ఇలాంటి ఇళ్ల గురించి స్వీడన్‌కి చెందిన బెంగ్ట్ నిర్యె 1969లోనే రాశాడు: వైకల్యం ఉన్న మనిషికి కూడా అందరిలాంటి రోజు, అందరిలాంటి వారం, అందరిలాంటి సంవత్సరం ఉండాలని. ఈ ఒక్క వాక్యం పట్టుకుని వెళ్తే చాలా దొరుకుతాయి. ఆదివారం ఆదివారంలా ఉందా? సంక్రాంతికి ఆ ఇంట్లో ఏం వండుతారు?

ఇంకో ఇంటికి అదే టైముకి వెళ్లాను. హాలంతా చిందరవందరగా ఉంది. నేల మీద పేపర్ పరిచి ఒకాయన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఆయన తీసిన కాయల్లో సగానికి ఈనె అలాగే ఉంది. కేర్‌టేకర్ పక్కనే కూర్చుని, ఆయన చూడకుండా వాటిని తిరిగి తీస్తోంది. తనే చేసుకుంటే పది నిమిషాల పని. నలభై నిమిషాలు కూర్చుంది. బ్రిటన్‌లో జిమ్ మాన్సెల్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది ఇదే: పెద్ద సంస్థలోంచి చిన్న ఇంటికి మార్చినంత మాత్రాన బతుకు మారదు, ఇంట్లో జరిగే పనుల్లో వాళ్లకి చెయ్యి కలిపే వీలు సిబ్బంది కల్పిస్తేనే మారుతుంది. ముందు మాటతో చెప్పడం, చాలకపోతే చేసి చూపించడం, అదీ చాలకపోతే చెయ్యి పట్టి చేయించడం. దీనికి ‘యాక్టివ్ సపోర్ట్’ అని పేరు. ఆ కేర్‌టేకర్‌కి ఆ పేరు తెలియదు.

కూర్చున్నప్పుడు చిన్నవాటి మీద కన్నేయండి. బట్టలు ఎవరివి వాళ్లకి ఉన్నాయా, లేక ఉతికిన కుప్పలోంచి ఎవరికేది వస్తే అది తొడుగుతున్నారా? టూత్‌బ్రష్‌ల మీద పేర్లున్నాయా? అందరికీ ఒకేలా గుండు కొట్టించారా? బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందా? గదిలోకి వెళ్లేముందు సిబ్బంది తలుపు తడతారా? ఎవరైనా కాఫీ వద్దని గ్లాసు పక్కకి నెడితే ఏం చేశారు?

అన్ని హోముల్లోనూ ‘మా పిల్లలు’ అనే అంటారు, జుట్టు నెరిసినవాళ్లని కూడా. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మాట పట్టించుకోను. యాభై ఏళ్లావిణ్ణి తలుపు తెరిచిపెట్టి స్నానం చేయిస్తున్నారా లేదా అన్నది చూస్తాను.

సిబ్బంది: రాత్రి రెండింటికి ఎవరు మేలుకుంటారు?

ఇంతమందికి ఇంతమంది అని లెక్క చెబుతారు. ఆ లెక్కలో వంటామె, డ్రైవరు, ఆఫీసు కుర్రాడు కూడా ఉంటారు. కాబట్టి ఇలా అడగండి: నిన్న రాత్రి రెండు గంటలకి ఈ ఇంట్లో ఎవరున్నారు, వాళ్లు పడుకున్నారా, మేలుకున్నారా? ఆడవాళ్లుండే హోములో రాత్రి ఆడమనిషి ఉందా? గేటు బయట కుర్చీలో ఉన్న వాచ్‌మన్‌ని లెక్కలోకి తీసుకోకండి.

తర్వాత, మేనేజరు లేనప్పుడు ఒక కేర్‌టేకర్‌ని అడగండి: ‘ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా? వారానికి ఒకరోజు సెలవిస్తారా? జీతం టైముకి వస్తుందా?’ ఆరు నెలలకోసారి మనుషులు మారిపోయే ఇంట్లో మీ కాగితం ఎంత బాగా రాసినా చదివేవాళ్లుండరు. జీతం రెండు నెలలు ఆగిన మనిషి దగ్గర ఓపిక వెతకడం మన తప్పు. స్పెషల్ ఎడ్యుకేటర్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, అది అడగొచ్చు. కేర్‌టేకర్‌కి డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు, ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఎవరైనా నేర్పారా అన్నది అడగండి.

ఆరోగ్యం, మందులు: ఇక్కడ మొహమాటపడకండి

ఒకచోట మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి మందుల రిజిస్టర్ చూపించమన్నాను. నీటుగా ఉంది, గళ్లు గీసి, ఆకుపచ్చ ఇంకుతో టిక్కులు. ఆ రాత్రి తొమ్మిది గంటల గడిలో కూడా టిక్కు ఉంది. బుధవారం పొద్దున గడిలో కూడా. నేనేమీ అనలేదు, రిజిస్టర్ మూసి ఇచ్చేశాను. మన కుర్రాళ్లు చాలామంది ఇప్పుడు ఇంగ్లండ్‌లో కేర్ హోముల్లో పనిచేస్తున్నారు. మీ ఇంట్లోనో వీధిలోనో ఒకరుంటారు. అక్కడ మందు ఎలా రాస్తారో ఫోన్ చేసి అడగండి. మనిషి మింగాకే, ఇచ్చిన మనిషే సంతకం పెట్టాలి. మింగనంటే ‘నిరాకరించారు’ అని రాయాలి. అలా ఒక్కసారి కూడా ‘వద్దన్నాడు’ అని లేని రిజిస్టర్ చూస్తే నాకు నమ్మకం కలగదు.

తర్వాత ఫిట్స్. మనవాళ్లలో చాలామందికి ఉంటాయి. ‘ఫిట్స్ వస్తే ఏం చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. తాళాల గుత్తి చేతిలో పెడతాం అన్నారంటే శిక్షణ లేదని అర్థం. నోట్లో స్పూన్ పెడతాం అంటే ఇంకా ప్రమాదం. రావాల్సిన జవాబు ఇది: చుట్టూ తగిలేవి తీసేస్తాం, పక్కకి తిప్పి పడుకోబెడతాం, నోట్లో ఏమీ పెట్టం, టైము చూస్తాం, ఐదు నిమిషాలు దాటితే 108కి చేస్తాం. ఫిట్స్ ఆపడానికి డాక్టరు మిడజోలమ్ ముక్కు స్ప్రే రాసి ఉంటే అది ఎక్కడుంది, రాత్రి డ్యూటీ మనిషికి వాడటం వచ్చా అన్నదీ తేల్చుకోండి.

మోషన్ సంగతి అడగడానికి సిగ్గుపడతాం. పడకండి. నొప్పి అని చెప్పలేని మనిషికి మలబద్ధకం ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. కొన్ని మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. ఎవరికి ఎన్నిరోజులకి అవుతోందో రాసుకుంటున్నారా? అలాగే పొలమారడం. పడుకోబెట్టి తినిపించడం, గబగబా ముద్దలు కుక్కడం కళ్లారా చూస్తే, తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి, ఆ ఇంట్లో నిమోనియా ఎవరికైనా వచ్చిందా అని అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష కావాలి. నలభై దాటాక మతిమరుపు తొందరగా మొదలయ్యే అవకాశం వాళ్లలో ఎక్కువ. ‘ఈమధ్య మాట వినట్లేదు’ అని ఫిర్యాదు వస్తే ముందు డాక్టరుకి చూపించాలి.

ఇక ‘కుదురుగా ఉండే మాత్ర’. రిస్పెరిడోన్ లాంటివి కొందరికి నిజంగానే అవసరం. కానీ అల్లరి తగ్గించడానికి మాత్రలు పోయడం ప్రపంచమంతా ఉన్న జాడ్యం. ఇంగ్లండ్‌లో దీన్ని తగ్గించడానికే 2016లో స్టాంప్ (STOMP) అని ప్రత్యేకంగా ప్రచారం మొదలుపెట్టారు. మీరు అడగాల్సినవి మూడు: ఎవరు రాశారు, ఎందుకు రాశారు, మళ్లీ ఎప్పుడు చూపిస్తారు. ఉన్న మందు మాత్రం మీరై ఆపకండి. మా తమ్ముడు ఒకసారి వారం రోజులు తల గోడకి కొట్టుకున్నాడు. అందరూ సైకియాట్రిస్టు అన్నారు. చివరికి తేలింది దవడ పన్ను.

తాళాలు, దెబ్బలు, ఆడపిల్లలు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులని ఉంచిన ఒక పాకకి నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో కదల్లేకపోయారు. అందుకే రాత్రి తలుపులకి తాళం వేస్తారా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, వెనక దారి ఉందా అని అడగడం అతి కాదు. ‘పారిపోతారండీ’ అనేది నిజమైన సమస్యే. దానికి మేలుకునే మనిషి కావాలి.

ఒంటిమీద దెబ్బ కనిపిస్తే, ఎలా తగిలిందో రాసిన పుస్తకం అడగండి. ‘పడ్డాడు’ అని ఒక్క మాట ఉంటే సరిపోదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు, ఎవరికి చెప్పారు, అన్నీ ఉండాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ‘నెలసరి బాధ లేకుండా గర్భసంచి తీయించి తీసుకురండి’ అని హోమ్ షరతు పెడితే ఆ గడప తొక్కకండి. ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని 2016 చట్టంలోనే ఉంది. అయినా ఆ ఆపరేషన్ నెలసరిని ఆపుతుంది, లైంగిక దాడిని ఆపదు.

డబ్బు, గార్డియన్

ఫీజు ఎక్కువైతే మంచి హోమ్ అనుకోకండి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు తీసుకునేవాళ్లు. మేధోవైకల్యం ఉన్నవాళ్లని అక్కడ కొట్టడం, చన్నీళ్లతో హింసించడం 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపడింది. 11 మంది నేరం ఒప్పుకున్నారు, ఆరుగురు జైలుకెళ్లారు. అంతకుముందే ఒక సీనియర్ నర్సు యాజమాన్యానికీ తనిఖీ సంస్థకీ చెప్పినా ఎవరూ కదల్లేదు.

‘జీవితాంతం చూసుకుంటాం’ అని లక్షల్లో ఒకేసారి డిపాజిట్ అడిగేవాళ్లుంటారు. హోమ్ మూతపడితే ఆ డబ్బేమవుతుంది, మనం తీసుకొచ్చేస్తే ఎంత తిరిగిస్తారు, ఇవి కాగితం మీద లేకపోతే ఇవ్వకండి. పెన్షన్ ఎవరి ఖాతాలో పడుతోంది, చేతిఖర్చు లెక్క ఎవరు రాస్తున్నారు, బట్టలు కొనేటప్పుడు మీవాణ్ణి దుకాణానికి తీసుకెళ్తారా అన్నవీ అడగండి. నేషనల్ ట్రస్ట్ నిరామయ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా ఉంటుంది, లేకపోతే చేయించండి.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం తమంతట తామే గార్డియన్లు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. కలెక్టరేట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. హోమ్ నడిపేవాళ్లనే గార్డియన్‌గా పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఫీజు తీసుకునే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి ఒకటైతే అడిగేవాళ్లెవరు?

చేర్చడం ఒక్కరోజులో చేయకండి

ముందు ఒక మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్లండి. తర్వాత ఒక రాత్రి. తర్వాత ఒక వారం. ప్రతిసారీ వాడి దిండు, వాడి స్టీలు గ్లాసు వెంట ఉండాలి. తిరిగొచ్చాక ‘బాగుందా?’ అని అడిగితే మావాడిలాంటివాళ్లు సరే అనే అంటారు. మళ్లీ బ్యాగు సర్దేటప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి.

‘మూడు నెలలు రావద్దు, అలవాటు పడాలి’ అనే నియమం కొన్నిచోట్ల ఉంది. దానికి ఒప్పుకోకండి. ఏం జరుగుతోందో మీకు బొత్తిగా తెలియని మూడు నెలలే వాడికి అన్నిటికంటే కష్టమైనవి. దివ్యాంగులు ఎవరూ ఫలానా చోటే ఉండి తీరాలనే నిర్బంధం లేకుండా సమాజంలో బతికే హక్కు 2016 చట్టం సెక్షన్ 5లో ఉంది. వారం చూశాక వాడు ఉండనంటే అది ఆ హక్కే, మనకి ఎంత ఇబ్బందైనా సరే. మేమూ ఒక హోములోంచి తొమ్మిదో రోజున వెనక్కి తెచ్చుకున్నాం.

చేరాక

నెలకి రెండుసార్లు వెళ్లండి, ఒక్కోసారి ఒక్కో టైముకి. ఇంటినుంచి ఒక్కరే కాకుండా మార్చి మార్చి వెళ్లండి. అక్కకి కనిపించనిది బావకి కనిపిస్తుంది. బరువు నెలనెలా రాసుకోండి. వాడి పక్కన పడుకునే మనిషి పేరు, వాళ్లింటివాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. కుటుంబాలు ఒకరికొకరు మాట్లాడుకోవడం ఇష్టపడని హోమ్ ఉంటే కారణం ఆలోచించండి.

ఏదైనా తేడా వస్తే ముందు హోమువాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వండి, తేదీతో. కదలకపోతే జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. కొట్టడం, తిండి పెట్టకపోవడం, లైంగిక వేధింపు లాంటివైతే ఆగకండి: పోలీసులకీ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కీ ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు (2016 చట్టం సెక్షన్ 7). సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది.

వెళ్లినప్పుడల్లా రోజువారీ పుస్తకం చదవండి. చాలాచోట్ల ముప్ఫై రోజులూ ఒకే వాక్యం ఉంటుంది: ‘బాగున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు.’ అది మనిషిని చూడకుండా రాసింది. చిక్కుడుకాయల ఇంట్లోనే మా తమ్ముడిప్పుడు ఉంటున్నాడు. పోయిన నెల వెళ్లినప్పుడు ఆ పుస్తకంలో వంకర రాతతో ఇలా ఉంది: ‘పొద్దున స్నానానికి పిలిస్తే సరే అన్నాడు గానీ కాలర్ కొరికాడు. టిఫిన్ అయ్యాక మళ్లీ అడిగాం. వచ్చాడు. నీళ్లు బాగా కాగాయి, రేపట్నుంచి తగ్గించాలి.’